మేరియన్ ఫెయిత్‌ఫుల్: అపోహలు - వాస్తవాలు, ఒక రికార్డింగ్ ఇంజనీర్ వైపు నుంచి

నా పని గొంతులు రికార్డ్ చేయడం. హైదరాబాద్‌లో ఓ చిన్న స్టూడియోలో పదిహేనేళ్లుగా చేస్తున్నది అదే. టీ బ్రేక్‌లో రాక్ సంగీతం మీదికి కబుర్లు మళ్లితే బ్రిటిష్ గాయని మేరియన్ ఫెయిత్‌ఫుల్ పేరు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. "ఆవిడా? మిక్ జాగర్ గర్ల్‌ఫ్రెండ్ కదా, డ్రగ్స్ కేసు..." అంటారు. (జాగర్ అంటే రోలింగ్ స్టోన్స్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ గాయకుడు.) ఆమె పాట ఒక్కటైనా విన్నావా అని అడిగితే నీళ్లు నములుతారు. 2025 జనవరి 30న ఆమె లండన్‌లో, 78 ఏళ్ల వయసులో పోయారు. ఆ రోజు నేను చదివిన వార్తల్లో జాగర్ పేరు లేనిది ఒక్కటీ లేదు.

అపోహ: జాగర్ చలవతోనే ఆమె గాయని అయింది.

ఇక్కడ ముందూ వెనకా తారుమారయ్యాయి. 1964లో రోలింగ్ స్టోన్స్ మేనేజర్ ఆండ్రూ ఓల్డ్‌హామ్ ఒక పార్టీలో పదిహేడేళ్ల మేరియన్‌ని చూసి, ఈ అమ్మాయితో పాడిద్దాం అనుకున్నాడు. గొంతు విని కాదు, మొహం చూసి. (ఆ విషయంలో మా ఫీల్డ్ ఇప్పటికీ మారలేదు లెండి.) అలా పాడిన ‘యాజ్ టియర్స్ గో బై’ బ్రిటన్ చార్టుల్లో 9వ స్థానం దాకా వెళ్లింది. ఆ పాట రాసినవాళ్లలో జాగర్, అదే బ్యాండ్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ఉన్న మాట నిజమే. కానీ మరుసటి ఏడాది టాప్ 10లోకి వెళ్లిన ఆమె మూడు పాటలు వేరేవాళ్లు రాసినవి. జాగర్‌తో ప్రేమ మొదలైంది 1966లో. అప్పటికే ఆమెకు పెళ్లయింది, కొడుకు పుట్టాడు, పేరూ వచ్చింది.

అపోహ: మ్యూజ్ (కళాకారుడికి స్ఫూర్తినిచ్చే మనిషి) అంటే పక్కన అందంగా కూర్చోవడమే.

మన భావకవుల ఊహాసుందరికి పేరుండదు, పనుండదు. కవి ఆమెను తలచుకుని నిట్టూరిస్తే చాలు, కావ్యం తయారు. మేరియన్ మాత్రం పని చేసింది. రష్యన్ రచయిత బుల్గాకోవ్ నవల ‘ద మాస్టర్ అండ్ మార్గరీటా’ ఇంగ్లిష్‌లోకి వచ్చిన కొత్తలో దాన్ని జాగర్ చేతిలో పెట్టింది ఆమే. అందులో సైతాను పెద్దమనిషి వేషంలో మాస్కోలో దిగుతాడు. 1968లో వచ్చిన స్టోన్స్ పాట ‘సింపథీ ఫర్ ద డెవిల్’లో సైతాను తనను తాను మర్యాదగా పరిచయం చేసుకుంటాడే, ఆ తీరు ఈ పుస్తకం చదివిన ప్రభావమే.

దానికన్నా పెద్ద సంగతి ‘సిస్టర్ మార్ఫిన్’ పాట. దాని సాహిత్యం ఆమెది. 1969లో ముందు పాడి విడుదల చేసిందీ ఆమే, కానీ రికార్డు కంపెనీ డెక్కా దాన్ని వెనక్కి తీసేసుకుంది. 1971లో అదే పాట స్టోన్స్ ఆల్బమ్ ‘స్టికీ ఫింగర్స్’లో వచ్చినప్పుడు బ్రిటన్‌లో దాన్నెవరూ వెనక్కి తీసుకోలేదు. పాత రికార్డులు చూసినవాళ్లకు గుర్తుంటుంది, మధ్యలో గుండ్రటి లేబుల్ మీద పాట పేరు కింద చిన్న అక్షరాల్లో రాసినవాళ్ల పేర్లుంటాయి. రాయల్టీ ఎవరింటికి వెళ్లాలో తేల్చేది ఆ చిన్న అక్షరాలే. అక్కడ జాగర్, రిచర్డ్స్ అని మాత్రమే ఉంది. ఆమె పేరు చేరేసరికి 1994 వచ్చింది. లెక్కపెడితే 23 ఏళ్లు. మా దగ్గర కోరస్ పాడటానికి వచ్చిన ఒకమ్మాయి రెండు లైన్లు మార్చి చరణాన్ని నిలబెట్టింది. క్రెడిట్స్‌లో ఆమెకు కోరస్ అనే పడింది. అందుకే ఈ సంగతి నాకు గుచ్చుకుంటుంది.

ఆ పాట ఆమె సొంత మత్తు కథ అని కూడా అంటారు. కాదు. యాక్సిడెంట్ అయి ఆస్పత్రి మంచం మీద నొప్పి భరించలేక మార్ఫిన్ కోసం నర్సును బతిమాలే మనిషి కథ అది. ఆమె హెరాయిన్‌లో పూర్తిగా కూరుకుపోయింది ఆ తర్వాతే.

అపోహ: 1967 దాడిలో పట్టుబడింది ఆమే.

రిచర్డ్స్ ఇల్లు రెడ్‌లాండ్స్ మీద ఫిబ్రవరిలో పోలీసులు డ్రగ్స్ కోసం దాడి చేసినప్పుడు ఆమె స్నానం చేసి ఓ బొచ్చు రగ్గు చుట్టుకుని ఉంది. ఆమె మీద ఏ కేసూ లేదు. శిక్షలు పడినవాళ్లలో జాగర్, రిచర్డ్స్ ఉన్నారు. వాళ్లిద్దరి జైలు శిక్షలు అప్పీలులో నిలబడలేదు. వాళ్లు హీరోలయ్యారు, ఆమెకు రగ్గు మిగిలింది. ఆ రోజు గురించి పుట్టించిన బూతు పుకార్లు ఇక్కడ రాయను. అవి అబద్ధాలని అక్కడున్నవాళ్లే చెప్పారు.

అపోహ: సిగరెట్లు, మందు కలిసి ఆ గొంతును తయారుచేశాయి.

ఏడాదికి ఒకరైనా ఈ నమ్మకంతో స్టూడియోకి వస్తారు. ఒక కుర్రాడైతే హస్కీగా రావాలని సిగరెట్ మొదలుపెట్టాడట. పల్లవి రెండోసారి అందుకునేసరికి ఊపిరి అయిపోయింది. పొగ వల్ల స్వరతంత్రులు వాచి మందమవుతాయి, నెమ్మదిగా కంపిస్తాయి. దాంతో శ్రుతి కిందికి దిగుతుంది. అవి సరిగా మూసుకోకపోతే గాలి కారిపోయి గొంతు బొంగురుపోతుంది. దానివల్ల వచ్చేది జబ్బు గొంతు, అంతే.

మేరియన్ గొంతు పాడైన మాట నిజం. డ్రగ్స్, లారింజైటిస్ (స్వరపేటిక వాపు) రెండూ దెబ్బతీశాయి. 70ల మొదట్లో ఆమె లండన్ సోహోలో వీధి పాలైంది. 1979లో ఆమె ఆల్బమ్ ‘బ్రోకెన్ ఇంగ్లిష్’ వచ్చినప్పుడు పాత గొంతు ఆనవాలు కూడా లేదు. అయినా ఆ ఆల్బమ్ ఎందుకు నిలిచింది? ఆమె 1967లో రాయల్ కోర్ట్ థియేటర్‌లో చెహోవ్ నాటకం వేసింది, 1969లో ‘హామ్లెట్’లో ఒఫీలియా వేసింది. ఆ నాటకాల శిక్షణ పాటలో వినిపిస్తుందని నా నమ్మకం.

మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ‘యాజ్ టియర్స్ గో బై’ రెండుసార్లు వినండి, ముందు 1964ది, తర్వాత 1987లో మళ్లీ పాడింది. సాయంత్రం పూట కూర్చుని, ఆడుకునే పిల్లల్ని చూస్తున్న మనిషి పాట అది. మొదటిదానిలో గొంతు సన్నగా, నీళ్లలా సాగిపోతుంది. పదిహేడేళ్ల పిల్ల చేత ముసలి మాటలు పలికించినట్టుంటుంది. రెండోదానిలో వేగం తగ్గింది. మాట చివర హల్లును వదలడానికి ఆమె తొందరపడదు. పై స్వరాలు అందవని ఆమెకు తెలుసు, అందుకే వాటి జోలికి పోకుండా మాటను మాట్లాడినట్టు దించుతుంది. అప్పటికి ఆమెకు 40 ఏళ్లు. పైగా మత్తు మానేశాక చేసిన రికార్డు అది. ఈ చివరి ముక్కని ఆ సిగరెట్ కుర్రాడికి రెండుసార్లు చెప్పాను.

అపోహ: 60లతోనే ఆమె పని అయిపోయింది.

జర్మన్ సంగీతకర్త కుర్ట్ వైల్ పాటలు పాడింది, 1997లో అమెరికన్ మెటల్ బ్యాండ్ మెటాలికాతో గొంతు కలిపింది. 2020లో కోవిడ్ వచ్చి మూడు వారాలు ఆస్పత్రిలో ఉంది, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. మరుసటి ఏడాదే ఆస్ట్రేలియా సంగీతకారుడు వారెన్ ఎల్లిస్ సంగీతంతో ఇంగ్లిష్ కవులు బైరన్, కీట్స్ కవితలు చదివిన ఆల్బమ్ వచ్చింది. పాడటం లేదు, చదవడమే. కొన్ని కోవిడ్‌కు ముందు, కొన్ని తర్వాత రికార్డు చేసినవి. మామూలుగా మేం ఎడిటింగ్‌లో వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి శబ్దాన్ని కత్తిరించేస్తాం. ఆ ట్రాక్ నా టేబుల్ మీదికి వచ్చి ఉంటే ఒక్క ఊపిరి కూడా తీసేవాణ్ణి కాదు.