బెడ్‌రూమ్‌కు నీలం వేస్తే నిద్ర పడుతుందా? ఇంటి రంగులపై అపోహలు – వాస్తవాలు

"ఎరుపు వేస్తే ఇంట్లో గొడవలట, పసుపైతే పసిపిల్లలు ఏడుస్తారట, నీలమైతే ప్రశాంతమట." రంగుల నమూనాలుండే షేడ్ కార్డు తెరవకముందే ఈ మాటలు వచ్చేస్తాయి. నిద్ర పట్టక సతమతమయ్యేవాళ్లు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేనివాళ్లు ఏ రంగుకు ఏ ఫలితమో చెబుతూ ఫోన్లో తిరిగే పట్టికలు చూసి కంగారు పడటం సహజమే. కానీ ఆ కంగారులో, వేయించి ఏడాదైనా కాని గోడలకు మళ్లీ రంగులు వేయించకండి.

అపోహ: ఏ రంగు వేశామన్న దాన్నిబట్టే మనసు ఉంటుంది.

వాస్తవం: రంగు పేరుకంటే అది ఎంత లేత, ఎంత గాఢం, దాని మీద ఎలాంటి వెలుతురు పడుతోంది అన్నవే ఎక్కువ పనిచేస్తాయి. మనసు మీద రంగు పేరుకంటే దాని లేతదనం, గాఢతల ప్రభావమే ఎక్కువని 1994లో వాల్డెజ్, మెహ్రాబియన్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలోనూ తేలింది. బూడిద కలిసిన లేత నీలం కంటికి హాయిగా ఉంటుంది. గాఢమైన రాయల్ బ్లూ నాలుగు గోడలకూ పులిమితే రాత్రికి గది మీద పడుతున్నట్టు ఉంటుంది. రెండూ నీలాలే. అలాగే లేత ఇటుక రంగు గోడ ఎవరినీ రెచ్చగొట్టదు.

మన ఇళ్లలో ఎక్కువగా దెబ్బతీసేది బల్బు. పెట్టె మీద 6500కె (కె అంటే కెల్విన్, వెలుతురు రంగుకు కొలత; అంకె పెరిగేకొద్దీ తెల్లగా, నీలంగా ఉంటుంది), 'కూల్ డేలైట్' అని ఉన్న ట్యూబ్‌లైటు కింద లేత నీలం, బూడిద రంగులు ఆసుపత్రి గోడల్లా పాలిపోతాయి. 2700కె లేదా 3000కె వార్మ్ బల్బు పెడితే క్రీమ్, పీచ్ రంగులు నిండుగా కనిపిస్తాయి, నీలం మాత్రం మసకబారి ఆకుపచ్చ కలిసిన బూడిదకు తిరుగుతుంది. అందుకే ముందు బల్బు, తర్వాత రంగు. పడక గదికి 3000కె, సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె, గరిష్ఠం 100) 90 ఉన్నది తీసుకోండి.

రెండోది, షేడ్ కార్డు మీది చిన్న ముక్క. నాలుగు గోడలకూ ఒకే రంగు వేస్తే ఒక గోడ మీద పడ్డ వెలుతురు రంగు పూసుకుని ఎదురు గోడ మీద పడుతుంది. అక్కడి నుంచి మళ్లీ వెనక్కి. అలా కార్డు మీద లేత గులాబీగా ఉన్నది గదిలో బబుల్‌గమ్ అవుతుంది. కాబట్టి నచ్చినదానికంటే ఒక మెట్టు లేతది, కాస్త బూడిద కలిసినది ఎంచుకోండి.

పరీక్ష ఇలా చేయండి. గది మూలలో, రెండు గోడలూ కలిసేచోట, ఒక్కో వైపు రెండడుగుల చదరం తెల్ల ప్రైమర్ మీద శాంపిల్ రంగు రెండు కోట్లు వేయండి. చుట్టూ తెల్ల కాగితం అంటించండి, లేకపోతే పాత రంగు పక్కన కొత్తది తప్పుగా కనిపిస్తుంది. పూర్తిగా ఆరాక పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్లు వేసి చూడండి. మూల ఎందుకంటే, ఒక గోడ రంగు ఇంకో గోడ మీద ఎలా పడుతుందో అక్కడే తెలుస్తుంది. అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు: పక్క బిల్డింగు గోడ ఆకుపచ్చైతే ఆ పచ్చదనం కిటికీలోంచి మీ తెల్ల గోడ మీదికి వస్తుంది.

ఇక మిగతా అపోహలు. గులాబీ రంగు కోపాన్ని తగ్గిస్తుందన్న ప్రచారం 1979లో అమెరికాలోని సియాటిల్ నౌకాదళ జైలు గదికి ఆ రంగు వేయడంతో మొదలైంది. తర్వాత జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో అది నిలవలేదు. లోపలి గోడకు 'చల్లని రంగు' వేస్తే గది చల్లబడదు. డాబా మీద ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేస్తే తేడా తెలుస్తుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది అందుకే. చిన్న గదికి తెలుపు తప్పనిసరి కాదు, సీలింగ్ తెల్లగా ఉంచితే చాలావరకు సరిపోతుంది. వాస్తు ప్రకారం దిక్కుకో రంగు కావాలనుకుంటే అలాగే వేయించుకోండి, అందులోనే లేత షేడ్ తీసుకోండి.

ఇప్పటికే వేయించేసి గదిలో ఇబ్బందిగా ఉంటే ముందు బల్బు మార్చి వారం రోజులు చూడండి. అప్పటికీ కుదరకపోతే మంచం మీద పడుకున్నప్పుడు కళ్లెదురుగా ఉండే ఒక్క గోడే మార్చండి. ముదురు రంగు మీద నేరుగా లేతది వేస్తే మూడు కోట్లైనా కింది రంగు తొంగిచూస్తుంది. ముందు ఒక కోటు తెల్ల ప్రైమర్, అది ఆరాక నాలుగు గంటల తేడాతో రెండు కోట్ల ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) వేయించండి. పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గోడకు మంచి ఎమల్షన్ ఒక లీటరు సరిపోతుంది.