డాంటేలో టిక్ టిక్ శబ్దమా? కేబుల్ జోలికి వెళ్లకండి: అపోహలు - వాస్తవాలు

"అన్నా, మళ్లీ టిక్ టిక్ మంటోంది. కేబుల్ మార్చేశాం. ఇక మిక్సరే పోయినట్టుంది." పెళ్లిళ్ల సీజన్‌లో నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఇవే. విజయవాడ, గుంటూరులో కల్యాణ మండపాలకు, చర్చిలకు డాంటే సిస్టమ్‌లు బిగించడం నా పని. డాంటే అంటే మైకులు, మిక్సర్ల శబ్దాన్ని నెట్‌వర్క్ కేబుల్ మీద పంపే పద్ధతి. ఈ ఒక్క అపోహ వల్ల జనం పోగొట్టుకున్న డబ్బు చూసి కడుపు మండి ఇది రాస్తున్నాను.

అపోహ: శబ్దం తెగుతోందంటే కేబుల్ పాడైంది, లేదంటే లైను సరిపోవడం లేదు.

వాస్తవం: 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48,000 శాంపిళ్లు, అంటే శబ్దపు ముక్కలు), 24 బిట్‌లో ఒక ఛానెల్‌కు సెకనుకు సుమారు 1.5 మెగాబిట్లు చాలు. 32 ఛానెళ్లు కలిపినా 50 మెగాబిట్లు దాటదు. గిగాబిట్ (వెయ్యి మెగాబిట్ల) లైను మీద అదెంత? అర్ధరాత్రి ఏలూరు రోడ్డు ఎంత ఖాళీగా ఉంటుందో మీ లైను కూడా అంతే ఖాళీ. కేబుల్ నిజంగా తెగితే లింకు లైటే ఆరిపోతుంది. ఉండీ ఉండీ టిక్ మంటుంటే ముందు అనుమానించాల్సింది క్లాక్‌ని.

డాంటేలో అన్ని పరికరాలూ ఒకే గడియారం పట్టుకుని నడవాలి, అదీ మైక్రోసెకను లోపు తేడాతో. ఆ గడియారం సందేశాలు కూడా ఆడియో వెళ్లే స్విచ్ (పరికరాల కేబుళ్లన్నీ కలిసే పెట్టె) గుండానే వెళ్తాయి. ఇప్పుడొస్తున్న చాలా స్విచ్‌లలో ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్ అని కరెంటు ఆదా చేసే ఏర్పాటు ఉంటుంది. పెట్టె మీద 'గ్రీన్' అని రాసి ఉంటుంది. రెండు ప్యాకెట్ల (డేటా మూటల) మధ్య కాస్త ఖాళీ దొరికితే పోర్టు కునుకు తీస్తుంది. గిగాబిట్ పోర్టు మళ్లీ లేవడానికి సుమారు 16.5 మైక్రోసెకన్లు పడుతుంది. మనకది లెక్కలోకి రాదు కానీ, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక్క శాంపిల్ నిడివే 21 మైక్రోసెకన్లు. రోడ్డు ఖాళీగా ఉన్నా గేట్‌మన్ నిద్రపోతే బండి ఆగక తప్పదు. గడియారం సందేశం ఒకసారి వేళకు, ఒకసారి ఆలస్యంగా వస్తుంటే పరికరం లయ తప్పుతుంది. టిక్ మంటుంది, ఒక్కోసారి మూగబోతుంది.

పటమటలో ఒక మండపానికి రాత్రి పదకొండింటికి వెళ్లాను. తెల్లవారుజామున ముహూర్తం. సన్నాయి మైకులో టక్ మన్నప్పుడల్లా పెళ్లివారు వెనక్కి తిరిగి చూస్తున్నారట. అప్పటికి కేబుల్ మూడుసార్లు మార్చారు, స్టేజ్ బాక్స్ (వేదిక మీద మైకులు గుచ్చే పెట్టె) అద్దెకు ఇంకోటి తెచ్చారు. ఆపరేటర్ కుర్రాడి కళ్లలో నీళ్లు. "నేనే ఏదో నొక్కి పాడుచేశానేమో అన్నా, ఓనర్ జీతంలో కోసేస్తాడు" అన్నాడు. ల్యాప్‌టాప్‌లో డాంటే కంట్రోలర్ (ఈ పరికరాలను కలిపే సాఫ్ట్‌వేర్) ఈవెంట్స్ ట్యాబ్ తెరిస్తే క్లాక్ సింక్ పోయిందని వరుసగా ఎర్రగీతలు. చౌకగా వస్తోందని సీసీ కెమెరాల కోసం కొన్న స్విచ్‌నే ఆడియోకీ వాడుతున్నారు. దాంట్లో ఆ ఏర్పాటు ఆపే వీలే లేదు. నా బండిలో ఉన్న మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకునే వీలున్నది) పెట్టాను, అన్ని పోర్టులకూ గ్రీన్ సెట్టింగ్ తీసేశాను. ముహూర్తం దాకా ఒక్క టిక్ లేదు. తమ్ముడూ, నువ్వేం పాడుచేయలేదు అని ఓనర్ ముందే చెప్పి వచ్చాను. ఇలా భయపడుతున్న ఆపరేటర్లు ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ల కోసమే ఇంత వివరంగా చెబుతున్నాను.

కాబట్టి ఆడియోకి మేనేజ్డ్ స్విచ్ కొనండి, ఆ ఏర్పాటు పూర్తిగా ఆపేయండి. కెమెరాలు, ఆఫీసు కంప్యూటర్లు కూడా అదే స్విచ్ మీద ఉంటే క్యూఓఎస్ (ఏ ప్యాకెట్ ముందు వెళ్లాలో స్విచ్‌కి చెప్పే సెట్టింగ్) కూడా పెట్టాలి: డీఎస్‌సీపీ (ప్యాకెట్ మీద ఉండే ప్రాధాన్య సంఖ్య) 56 క్లాక్‌కు, అన్నింటికన్నా ముందు. తర్వాత 46, అది ఆడియోకు. "స్విచ్ ఏదైనా ఒకటే" అని చెప్పే షాపువాళ్ల మాట దయచేసి నమ్మకండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

169.254తో మొదలయ్యే ఐపీ (పరికరం నెట్‌వర్క్ చిరునామా) కనిపిస్తే చెడిపోయిందని కాదు. డీహెచ్‌సీపీ (ఐపీలు పంచిపెట్టే ఏర్పాటు) లేనప్పుడు పరికరాలు తమంతట తామే అలా పెట్టుకుంటాయి. దాన్ని చేత్తో మార్చబోయి, సగం పరికరాలు ఒక సబ్‌నెట్‌లో (చిరునామాల గుంపులో), సగం ఇంకో దాంట్లో పడి మాయమైన కేసులు లెక్కలేనన్ని చూశాను. మార్చకండి.

ల్యాప్‌టాప్ తీసేస్తే ఆడియో ఆగదు. డాంటే కంట్రోలర్‌లో కలిపిన రూటింగ్ అందుకునే పరికరంలోనే నిలిచి ఉంటుంది.

వైఫై మీద డాంటే ఆడియో పంపాలని చూడకండి.

పరికరం వెనక ఉండే ప్రైమరీ, సెకండరీ పోర్టులు రెండూ ఒకే స్విచ్‌కి పెడితే బ్యాకప్ అవుతుందన్నది తప్పు. రిడండెంట్ మోడ్‌లో (ఒక లైను పోతే రెండోది అందుకునే పద్ధతి) సెకండరీకి వేరే స్విచ్ ఉండాలి. పరికరం స్విచ్డ్ మోడ్‌లో (రెండు పోర్టులూ ఒకే నెట్‌వర్క్‌గా పనిచేసే పద్ధతి) ఉండగా రెండూ ఒకే స్విచ్‌కి పెడితే లూప్ పడి, అంటే ప్యాకెట్లు అక్కడక్కడే గిరగిరా తిరిగి, మొత్తం నెట్‌వర్కే కూలుతుంది. గుంటూరులో ఒక చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో జరిగింది ఇదే. రెండో వైరు పీకేశాకే మైకులు పలికాయి.

ఇంకొకటి. ఎక్స్32 లాంటి మిక్సర్ వెనక ఉండే ఏఈఎస్50 సాకెట్‌కూ ఈథర్నెట్ కేబులే పడుతుంది కానీ అది నెట్‌వర్క్ కాదు. స్విచ్ గుండా పోదు. మిక్సర్ నుంచి స్టేజ్ బాక్స్‌కు నేరుగా, షీల్డ్ ఉన్న క్యాట్ 5ఈ వేయండి.