బయటి మద్దతు మీద నిలబడ్డ కేబినెట్: యునైటెడ్ ఫ్రంట్ 18 నెలల కథ

కూటమి ప్రభుత్వం కూలిందంటే చాలామంది వెంటనే అనే మాట, "ఇన్ని పార్టీలు ఒక్కచోట ఇమడవు" అని. 1996–97 నాటి యునైటెడ్ ఫ్రంట్ విషయంలో ఆ మాట సగం కూడా నిజం కాదు. డజనుకు పైగా పార్టీలున్న కూటమి అది, తగాదాలకు కొదవ లేదు. అయినా ప్రభుత్వం పడిపోయిన రెండుసార్లూ పడగొట్టింది లోపలివాళ్లు కాదు. మంత్రివర్గంలో ఒక్క కుర్చీ కూడా తీసుకోని కాంగ్రెస్.

1996 ఎన్నికల్లో మెజారిటీకి కావాల్సిన 272 ఎవరికీ రాలేదు. బీజేపీకి 161, కాంగ్రెస్‌కు 140. సభలో పెద్ద పార్టీ అన్న లెక్కన రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ వాజ్‌పేయిని పిలిచారు. మే 16న ప్రమాణం, మే 28న ఓటింగ్ దాకా వెళ్లకుండానే రాజీనామా. ఇక మిగిలింది జనతాదళ్ (46), సీపీఎం (32), తమిళ మానిల కాంగ్రెస్ (20), డీఎంకే (17), సమాజ్‌వాదీ (17), తెలుగుదేశం (16), సీపీఐ (12), మరికొన్ని చిన్న పార్టీలు. అందరినీ కూడినా 200 దాటరు. కాంగ్రెస్ 140 మంది చెయ్యెత్తితేనే ప్రభుత్వం.

మరి కాంగ్రెస్ కేబినెట్‌లో ఎందుకు చేరలేదు? చేరడం రెండు వైపులా కుదరని పని. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి, కర్ణాటకలో జనతాదళ్‌కు, బెంగాల్‌లో వామపక్షాలకు అసలు ప్రత్యర్థి కాంగ్రెస్సే. రాష్ట్రంలో కొట్లాడుకుంటూ ఢిల్లీలో ఒకే బల్ల దగ్గర కూర్చుంటే కార్యకర్తలకు జవాబు చెప్పలేరు. అందుకే "బయటి నుంచి మద్దతు". సీపీఎం కూడా బయటే ఉండిపోయింది. జ్యోతిబసుకు ప్రధాని పదవి ఇస్తామన్నా పార్టీ కేంద్ర కమిటీ ఒప్పుకోలేదు. అది చారిత్రక తప్పిదమని ఆయనే తర్వాత అన్నారు. సీపీఐ మాత్రం చేరింది. ఇంద్రజిత్ గుప్తా హోం మంత్రి అయ్యారు.

జూన్ 1న ప్రమాణం చేసిన దేవెగౌడ అప్పటికి కర్ణాటక ముఖ్యమంత్రి, పార్లమెంటు సభ్యుడు కారు. రాజ్యాంగం 75(5) అధికరణ ఆరు నెలల గడువిస్తుంది, ఆలోపు రాజ్యసభకు వచ్చారు. ఆర్థికం చిదంబరానికి, రక్షణ ములాయంకు, విదేశాంగం గుజ్రాల్‌కు, రైల్వే పాశ్వాన్‌కు దక్కాయి. తెలుగుదేశం నుంచి ఎర్రన్నాయుడు కేబినెట్ హోదాలో గ్రామీణాభివృద్ధి చూశారు. బోళ్ల బుల్లిరామయ్య, ఉమ్మారెడ్డి వెంకటేశ్వర్లు, వేణుగోపాలాచారి సహాయ మంత్రులయ్యారు.

అసలు బేరసారాలు కేబినెట్‌లో కాదు, దాని పైన కూర్చున్న స్టీరింగ్ కమిటీలో జరిగేవి. దాని కన్వీనర్ చంద్రబాబు. మన పత్రికలు "ఢిల్లీలో చక్రం తిప్పడం" అని రాసింది ఈ పనినే. మంత్రివర్గంలో లేని సీపీఎంకు కూడా ఆ కమిటీలో చోటుంది. కాంగ్రెస్‌కు మాత్రం అక్కడా లేదు, ఇక్కడా లేదు. 140 మంది బలం ఇస్తున్న పార్టీకి తన అసంతృప్తి చెప్పుకోడానికి ఒక గది లేకపోతే, అది చెప్పేది ఒకేసారి, రాష్ట్రపతికి ఇచ్చే లేఖలో.

లోపలి తగాదాలు ఎలా సర్దుకున్నాయో ఆలమట్టిలో చూడొచ్చు. డ్యామ్ ఎత్తు 524.256 మీటర్లకు పెంచుతామని కర్ణాటక, పెంచితే కృష్ణా ఆయకట్టు ఎండుతుందని ఆంధ్రప్రదేశ్. ప్రధాని కర్ణాటక మనిషి, కూటమి కన్వీనర్ ఆంధ్ర ముఖ్యమంత్రి. ఇంతకంటే పెద్ద ఇరకాటం ఊహించలేం. అయినా ప్రభుత్వం పడలేదు. కూటమి ముఖ్యమంత్రులతో కమిటీ వేశారు, నిపుణులు 519.6 మీటర్లు చాలన్నారు, తగాదా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2000లో కోర్టు కూడా అప్పటికి 519.6 దగ్గరే ఆపమంది.

మైనారిటీ ప్రభుత్వం బలహీనత బయటపడేది డబ్బు దగ్గర, బిల్లుల దగ్గర. ఐదో వేతన సంఘం జీతాల స్థిరీకరణలో 20 శాతం పెంపు సిఫారసు చేస్తే, ఉద్యోగ సంఘాల ఒత్తిడికి ప్రభుత్వం దాన్ని 40 చేసింది. ఆ భారం తర్వాత రాష్ట్రాల ఖజానాల మీదా పడింది. బీమా నియంత్రణ బిల్లును ఇటు వామపక్షాలు, అటు బీజేపీ వ్యతిరేకించడంతో 1997లో వెనక్కి తీసుకుంది. సాధారణ బిల్లు నెగ్గడానికి 272 అక్కర్లేదు, సభలో ఉండి ఓటేసినవాళ్లలో మెజారిటీ చాలు. గైర్హాజరీ కూడా సాయమే. కానీ ఎదుటివాళ్లంతా ఒక్కటైతే ఆ వెసులుబాటు పోతుంది.

1997 మార్చి 30న కాంగ్రెస్ అధ్యక్షుడు సీతారాం కేసరి మద్దతు ఉపసంహరించుకున్నారు. తమను సంప్రదించడం లేదన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. ఇది కొత్త ఎత్తు కాదు. 1979లో చరణ్ సింగ్ లోక్‌సభ ముఖం చూడకముందే కాంగ్రెస్ (ఐ) ఇలాగే తప్పుకుంది. 1990 నవంబరులో చంద్రశేఖర్‌ను నిలబెట్టి, రాజీవ్ ఇంటి దగ్గర హర్యానా కానిస్టేబుళ్లు నిఘా పెట్టారంటూ 1991 మార్చిలో సభను బహిష్కరించింది, ఆయన రాజీనామా చేశారు. ఎన్టీఆర్ చైర్మన్‌గా ఉన్న నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వానిదీ అదే దారి, పేరే వేరు. అక్కడ మద్దతు లాగేసింది బీజేపీ, 1990 నవంబరు 7న ప్రధాని వీపీ సింగ్ విశ్వాస ఓటింగ్‌లో 142–346తో ఓడారు.

మద్దతు లేఖ వెనక్కి వెళితే ప్రభుత్వం అప్పుడే పడిపోదు. బలం నిరూపించుకోమని రాష్ట్రపతి చెబుతారు, ప్రధాని సభలో విశ్వాస తీర్మానం పెడతారు. అవిశ్వాసానికి లోక్‌సభ నిబంధనల్లో 198 ఉంది, 50 మంది లేచి నిలబడాలి. విశ్వాస తీర్మానానికి ప్రత్యేక నిబంధనంటూ లేదు, మామూలు తీర్మానాల కోసం ఉన్న 184 కిందే నడుస్తుంది. ఏప్రిల్ 11న దేవెగౌడకు అనుకూలంగా 158, వ్యతిరేకంగా 292 ఓట్లు పడ్డాయి.

ఇక్కడ తేదీలు చూసుకోవాలి. చిదంబరం బడ్జెట్ పెట్టింది ఫిబ్రవరి 28న. అందులోని కస్టమ్స్, ఎక్సైజ్ మార్పులు బిల్లు నెగ్గకముందే అమల్లోకి వస్తాయి, కానీ చట్ట ప్రకారం 75 రోజులే. అంటే మే నెల మధ్యలోగా ఫైనాన్స్ బిల్లు పాస్ కావాలి. ఎన్నికలకు వెళ్లడం కాంగ్రెస్‌కూ ఇష్టం లేదు. మనిషిని మారిస్తే మళ్లీ మద్దతిస్తామంది. ఏప్రిల్ 21న గుజ్రాల్ ప్రమాణం చేశారు. తమ నాయకుడు మూపనార్‌ను పక్కన పెట్టారన్న కోపంతో తమిళ మానిల కాంగ్రెస్ మొదట మంత్రివర్గంలో చేరలేదు, ఆర్థిక శాఖ కొన్నాళ్లు గుజ్రాల్ దగ్గరే ఉంది. మే 1న చిదంబరం తిరిగొచ్చారు. మే 14న ఫైనాన్స్ చట్టానికి ఆమోదముద్ర పడింది. బొటాబొటిగా సరిపోయింది.

గుజ్రాల్ కేబినెట్ మరింత బలహీనం. జులైలో లాలూ జనతాదళ్ చీల్చి ఆర్జేడీ పెట్టారు. అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలనకు కేబినెట్ సిఫారసు చేస్తే, పునరాలోచించమని రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ వెనక్కి పంపారు. కేబినెట్ మళ్లీ పట్టుబట్టలేదు. నవంబరులో రాజీవ్ హత్యపై డీఎంకేను తప్పుపట్టిన జైన్ కమిషన్ మధ్యంతర నివేదిక బయటికి రావడంతో డీఎంకే మంత్రులను తప్పించాలని కాంగ్రెస్ పట్టుబట్టింది. మంత్రిని తీసేసే అధికారం ప్రధానిది. బయటి పార్టీ చెబితే ఒక భాగస్వామిని వదులుకుంటే రేపు ఇంకొకరి వంతు, ఆ మాటకొస్తే గుజ్రాల్‌కు వేరే దారే లేదు. ఒప్పుకోలేదు. నవంబరు 28న మద్దతు పోయింది, డిసెంబరు 4న లోక్‌సభ రద్దయింది.

1998 మార్చిలో నారాయణన్ వాజ్‌పేయిని పిలిచే ముందు మద్దతు లేఖలు అడిగారు. అప్పటికి 12 మంది ఎంపీలతో ఉన్న తెలుగుదేశం ఫ్రంట్ వదిలి విశ్వాస ఓటింగ్‌లో వాజ్‌పేయిని గట్టెక్కించింది, 274–261. బాలయోగికి స్పీకర్ పదవి తీసుకుంది, మంత్రి పదవులు వద్దంది. 2004 దాకా వాజ్‌పేయి కేబినెట్‌లో చేరనే లేదు. 18 నెలలపాటు కాంగ్రెస్ చేసిన పనిని దగ్గరుండి చూసిన పార్టీ, ఆ స్థానం విలువ అందరికంటే బాగా తెలుసుకుంది.