టీచరు ఫోను ఎవరిది? ముఖ హాజరు గొడవ వెనక 2022 ఆగస్టు

బళ్లలో ముఖ హాజరు గొడవ మళ్లీ పైకొచ్చింది. తెలంగాణలో 2025 ఆగస్టు 1 నుంచి ప్రభుత్వ టీచర్లు ఫోన్ కెమెరాకు ముఖం చూపించి హాజరు వేసుకోవడం తప్పనిసరైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పని మూడేళ్ల ముందే మొదలైంది. అక్కడ ప్రభుత్వం మారింది, యాప్ పేరూ మారింది. ఉపాధ్యాయ సంఘాల వినతిపత్రంలో ‘యాప్‌ల భారం తగ్గించాలి’ అన్న మాట మాత్రం అలాగే ఉంది. టీవీ చర్చల్లో ఈ వ్యవహారమంతా రెండు ముక్కల్లో తేలిపోతుంది. టీచర్లు టైముకు రారు కాబట్టి యాప్ కావాలని ఒకరంటారు. టీచర్లకు టెక్నాలజీ అంటే భయం, అందుకే వద్దంటున్నారని ఇంకొకరంటారు. రెండో మాట తప్పనడానికి కరోనా కాలమే సాక్ష్యం. మొదటి మాటలో కొంత నిజముంది, దాని సంగతి తర్వాత.

మన టీవీ, ఎడ్యుశాట్ పాఠాలు, కంప్యూటర్ ల్యాబులు, పాఠ్యపుస్తకాల మీద ‘దీక్ష’ డిజిటల్ పాఠాల క్యూఆర్ కోడ్‌లు... ఈ వరుసంతా అందరికీ తెలిసిందే. ఇప్పటి గొడవతో వాటికి పెద్దగా పని లేదు కూడా. అవన్నీ పాఠం చెప్పడం కోసం వచ్చినవి. నడిచిన చోట నడిచాయి, లేనిచోట బీరువాల్లో మూలిగాయి. వాడలేదని ఎవరికీ సెలవు కోత పడలేదు. కథ మలుపు తిరిగింది 2022 ఆగస్టు 16న. అయితే ఆ తేదీ అర్థం కావాలంటే అదే ఏడాది ఫిబ్రవరికి వెళ్లాలి.

ఆ జనవరిలో వైఎస్సార్సీపీ ప్రభుత్వం పీఆర్సీ (వేతన సవరణ) ప్రకటించింది. ఫిట్‌మెంట్, అంటే మూలవేతనం మీద పెంపు, 23 శాతం. అప్పటికే చేతికందుతున్న మధ్యంతర భృతి 27 శాతం. జీతం పెరగాల్సిన చోట తగ్గుతుందన్న లెక్క, దానికి తోడు ఇంటి అద్దె భత్యంలో కోత ఉద్యోగుల్ని రోడ్డెక్కించాయి. ఫిబ్రవరి 3న ‘చలో విజయవాడ’ పిలుపునిస్తే పోలీసులు నోటీసులిచ్చారు, నాయకుల్ని ఇళ్లలోనే ఆపారు. అయినా బీఆర్‌టీఎస్ రోడ్డు నిండిపోయింది. ఆ జనంలో టీచర్లే ముందు వరసలో ఉన్నారని అప్పట్లో అందరూ చెప్పుకున్న మాటే. రెండు రోజుల తర్వాత ప్రభుత్వం ఉద్యోగ సంఘాల స్టీరింగ్ కమిటీతో ఒప్పందం కుదుర్చుకుంటే, ఒప్పుకోం అని బయటికొచ్చిందీ ఉపాధ్యాయ సంఘాలే.

జూన్‌లో జీవో 117 వచ్చింది. ఊరి ప్రాథమిక బడిలోని 3, 4, 5 తరగతుల్ని హైస్కూల్లో కలపడం, ఆ లెక్కన పోస్టులు సర్దడం దాని సారాంశం. పిల్లలు దూరం నడవాల్సి వస్తోందని తల్లిదండ్రులు బడిగేటు ముందు కూర్చున్నారు. ఈసారి టీచర్లు, తల్లిదండ్రులు ఒకే పక్క నిలబడ్డారు. ప్రభుత్వానికి అది మరింత ఇబ్బంది.

ఈ రెండూ జరిగాక వచ్చింది ఆగస్టు. స్వాతంత్ర్య దినోత్సవం మర్నాడే ‘సిమ్స్ ఏపీ’ యాప్ రంగంలోకి దిగింది. టీచరు తన సొంత స్మార్ట్‌ఫోన్లో దాన్ని వేసుకోవాలి, ముఖం నమోదు చేసుకోవాలి, రోజూ తొమ్మిది లోపు బడి ఆవరణలోనే నిలబడి హాజరు వేయాలి. తొమ్మిది దాటితే సెలవు కింద లెక్క. మొదటి రోజే సర్వర్ మొరాయించింది. ప్రార్థన గంట కొట్టాక కూడా సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుంటూ ఫోను పైకెత్తి మైదానంలో తిరిగిన టీచర్ల వీడియోలు వాట్సాప్‌లో నవ్వులపాలయ్యాయి. ఏజెన్సీ మండలాల్లో చాలా చోట్ల ఏ టవరూ అందదు. అక్కడివాళ్లకు అది నవ్వులాట కాదు.

సంఘాలు యాప్‌ను బహిష్కరించాయి. వేసుకున్నవాళ్లు తీసేశారు. అప్పటి విద్యాశాఖ మంత్రి బొత్స సత్యనారాయణ సంఘాలతో కూర్చున్నారు. తొమ్మిదికి రావాలన్నది పాత నిబంధనే కదా అన్నది ప్రభుత్వ వాదన. ఇది టీచర్లకే కాదు, అన్ని శాఖలకూ వస్తుందన్నారు. అలవాటు పడేందుకు కొద్ది రోజుల గడువిచ్చారు. అన్నట్టుగానే 2023 జనవరి నుంచి మిగతా శాఖల ఉద్యోగులకూ ముఖ హాజరు తెచ్చారు. అయితే నాలుగు నెలలపాటు ఆ వరసలో ఒంటరిగా నిలబడింది టీచర్లే. చలో విజయవాడకు ఇది బదులని స్టాఫ్ రూముల్లో అనుకున్నారు. ప్రభుత్వం ఆ మాట కాదంటుంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే టీచర్లకు అలా ఎందుకు అనిపించిందో తెలుస్తుంది.

ఆ చర్చల్లో సంఘాలు అడిగిన వాటిలో ఒకటి చాలా చిన్నది: హాజరు వేయాలంటే పరికరం మీరే ఇవ్వండి, మా ఫోన్ల జోలికి రావద్దు. అప్పట్లో దీన్ని సాకు అన్నవాళ్లున్నారు. వందల కోట్ల లావాదేవీల నడుమ డేటా ఖర్చు గురించి మాట్లాడతారా అని వెటకారమూ చేశారు. నాకు మాత్రం మొత్తం గొడవకు మొదలు అక్కడే కనిపిస్తుంది.

ఎందుకంటే హాజరుకు యంత్రం రావడం అదే మొదటిసారి కాదు. తెలుగుదేశం ప్రభుత్వ కాలంలో, 2017 ప్రాంతంలో, ‘ఈ-హాజర్’ పేరుతో వేలిముద్ర పరికరాలు బళ్లకొచ్చాయి. అప్పుడూ సణుగుడు ఉంది. అరిగిన వేళ్లు పడలేదు, నెట్ రాలేదు, చార్జింగ్ అయిపోయింది. కానీ పరికరం బడిది. హెచ్‌ఎం గది బల్ల మీద ఉండేది. అది పనిచేయకపోతే మండల విద్యాధికారికి (ఎంఈవో) రాసి పంపితే ఆ తలనొప్పి శాఖది. కరోనా వచ్చాక ఒకే చోట అందరూ వేలు పెట్టడం ఆగిపోయింది, ఆ యంత్రాలు మూలకు చేరాయి. 2022లో వచ్చిన తేడా ఇదే: యంత్రం టీచరు జేబులోకి మారింది, అది పనిచేయకపోతే వచ్చే నష్టమూ టీచరు ఖాతాలోకే మారింది.

జేబులోకి ఎలా మారిందన్నది 2020 చెప్తుంది. ఆ మార్చిలో బళ్లు మూతపడ్డాక ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరిలో ‘విద్యామృతం’ పాఠాలు, ఆకాశవాణిలో పాఠాలు, ‘విద్యావారధి’ వాహనాలు వచ్చాయి. నెట్ ఉన్న ఫోను ఉన్న పిల్లలు, టీవీయో రేడియోయో మాత్రమే ఉన్నవాళ్లు, ఏదీ లేనివాళ్లు అంటూ మూడు రకాలుగా జాబితాలు రాయించారు. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో తరగతులు నడిచాయి. టీవీలో పాఠం వచ్చిందంటే సరిపోదు గదా. ఏ పిల్లాడు చూశాడు, ఎవరికి అర్థం కాలేదు, నోటు పుస్తకంలో ఏం రాశాడు అన్నది కనుక్కున్నది టీచరు ఫోనే. వాట్సాప్ గ్రూపులు పెట్టింది వాళ్లే, తండ్రి పొలం నుంచి ఇంటికొచ్చేదాకా ఆగి రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసిందీ వాళ్లే. నెల నెలా రీచార్జి కూడా వాళ్లదే. అప్పుడు ఎవరూ పరికరం అడగలేదు. టెక్నాలజీ అంటే భయపడే మనుషులు చేసే పని కాదది.

అలా మొదలైన తరగతి గ్రూపులు బళ్లు తెరిచాకా ఆగలేదు. అదే సమయంలో పైనుంచి కిందికి ఇంకో గ్రూపుల వరస పెరిగింది. జిల్లా విద్యాధికారి (డీఈవో) గ్రూపు, ఎంఈవో గ్రూపు, స్కూల్ కాంప్లెక్స్ గ్రూపు. మధ్యాహ్నం పన్నెండుకి అడిగిన వివరం ఒంటిగంటకు ఇవ్వాలి. టీచరు చేతిలో స్మార్ట్‌ఫోను ఉందన్న సంగతి, నెట్ ఉందన్న సంగతి శాఖకు అప్పుడే తెలిసింది. రెండేళ్ల తర్వాత ఆ తెలిసిన సంగతి మీదే ఉత్తర్వు నిలబడింది.

ఇంక ప్రభుత్వం పక్షం. మారుమూల బళ్లలో టీచరు బదులు ఇంకెవరినో కూర్చోబెట్టిన ఉదంతాలు పత్రికల్లో వచ్చాయి, అవి కట్టుకథలు కావు. ఏకోపాధ్యాయ పాఠశాలకు టీచరు రాకపోతే ఆ రోజు బడి లేనట్టే. తనిఖీకి మండలానికి ఒక ఎంఈవో సరిపోడు. కాబట్టి హాజరు కచ్చితంగా తెలియాలని శాఖ అనుకోవడంలో తప్పు లేదు. సంఘాలు కూడా హాజరు వద్దనలేదు.

అసలు యాప్ అంటేనే టీచర్లకు ఒళ్లు మండడానికి ముఖ హాజరు ఒక్కటే కారణం కాదు. మరుగుదొడ్ల ఫొటోలు అంతకన్నా అవమానంగా తోచాయి. దాని పుట్టుక ఆసక్తికరం. అమ్మఒడి కింద తల్లి ఖాతాలో వేసే 15,000 రూపాయల్లోంచి 2021లో వెయ్యి మినహాయించి మరుగుదొడ్ల నిర్వహణ నిధి పెట్టారు. మరుసటి ఏడాది బడి నిర్వహణకని మరో వెయ్యి తీశారు, తల్లికి చేరింది 13,000. తల్లుల డబ్బు కాబట్టి లెక్క చూపాలి, లెక్క చూపాలంటే ఫొటో కావాలి, ఫొటో తీయడానికి బడిలో ఫోనున్న మనిషి టీచరు. ఇలా ఒక్కో పథకం వెనకా ఒక్కో కారణం ఉంది, ఒక్కోటీ విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది. మధ్యాహ్న భోజనం ‘గోరుముద్ద’లో ఎన్ని గుడ్లు, ఎన్ని చిక్కీలు. విద్యాకానుకలో ఏ పిల్లకు ఏ సైజు బూట్లు. బళ్ల మరమ్మతుల పథకం ‘నాడు-నేడు’లో ఎన్ని బస్తాల సిమెంటు. బళ్ల సమాచారం చేర్చే కేంద్ర పోర్టల్ యూడైస్‌లో పిల్లవాడి వివరాలు. తర్వాత విద్యార్థులకిచ్చే అపార్ గుర్తింపు సంఖ్యలు, ఆధార్‌లో పేరు తేడా ఉంటే తల్లిదండ్రులకు ఫోన్లు. ఇవన్నీ చేరే చోటు మాత్రం ఒకటే, అదీ మొదటి పీరియడ్ జరుగుతున్న వేళ.

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే బోధనేతర పనికీ టీచర్లను పెట్టకూడదు. 2022 నవంబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంకో అడుగు వేసి, టీచర్లకు బోధనేతర పనులు వద్దంటూ నిబంధనలు సవరించింది. ఎన్నికల విధుల నుంచి వాళ్లను పక్కన పెట్టడానికే ఇదంతా అని ప్రతిపక్షం ఆరోపించింది. ఉద్దేశం ఏదైనా, గుడ్ల లెక్క బోధన కిందికి వస్తుందో రాదో ఆ సవరణ తేల్చలేదు.

ట్యాబుల గురించి ఇప్పటికే చాలా రాశారు, క్లుప్తంగా చెప్తాను. 2022 డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి జగన్ పుట్టినరోజున, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో పంపిణీ మొదలై 8వ తరగతి పిల్లలకు, వాళ్ల టీచర్లకు 5,18,740 ట్యాబులిచ్చారు. ఏడాది తర్వాత చింతపల్లిలో మొదలుపెట్టి మరో 4,34,185. రెండేళ్లలో దాదాపు 1,300 కోట్ల రూపాయలు. లోపల ఆన్‌లైన్ చదువుల సంస్థ బైజూస్ పాఠాలు. 2024 జులైలో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఈ గొడవకు సంబంధించినంత వరకు గమనించాల్సింది ఒక్కటే. ఆగస్టులో హాజరుకు పరికరం కొనివ్వలేదు. నాలుగు నెలలకే పాఠానికి లక్షల పరికరాలు పంచారు. డబ్బు లేక ఇవ్వలేదన్న వాదన అక్కడితో చెల్లదు.

2024 జూన్‌లో తెలుగుదేశం నాయకత్వంలోని కూటమి ప్రభుత్వం వచ్చింది. నారా లోకేశ్ విద్యాశాఖ తీసుకున్నారు. మరుగుదొడ్ల ఫొటోల పని టీచర్లకు తప్పించారు. జీవో 117ను 2025లో పక్కన పెట్టారు. చెల్లాచెదురుగా ఉన్న యాప్‌లను ‘లీప్’ అనే ఒక్క గొడుగు కిందికి తెచ్చారు. తల్లిదండ్రులతో మాట్లాడే తీరు కూడా మారింది: 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ సమావేశాలు, 2025 జనవరి 30 నుంచి ప్రభుత్వ సేవలందించే ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ, ఆ ఏప్రిల్‌లో పదో తరగతి ఫలితాలు నేరుగా వాట్సాప్‌కే. ఇవి మంచి మార్పులే, టీచర్లూ ఒప్పుకుంటారు. కానీ యాప్‌లు ఒకటిగా కలవడం వేరు, అందులో నింపాల్సిన గళ్లు తగ్గడం వేరు. సమావేశం జరిగిందనడానికీ ఫొటో పెట్టాలి. ముఖ హాజరు పోలేదు. ఫోనూ మారలేదు, ఇంకా టీచరుదే.

తెలంగాణ ఈ అనుభవాన్ని పక్కింట్లో కూర్చుని చూసింది. పిల్లల హాజరుకు ముందు, టీచర్లకు తర్వాత, అదే పద్ధతిని అదే సొంత ఫోను మీద తెచ్చింది. అక్కడి సంఘాలు లేవనెత్తిన అభ్యంతరాలు చదివితే 2022 విజయవాడ వినతిపత్రం గుర్తొస్తుంది: నెట్‌వర్క్, గోప్యత, ఫోను పాడైతే ఎవరు జవాబుదారీ.

గోప్యత సంగతి కోర్టులో తేలుతుందని కొందరి ఆశ. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన మాట నిజం. అయితే 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 7వ సెక్షన్ ఉద్యోగ అవసరాల కోసం అనుమతి అడక్కుండానే డేటా వాడుకునే వీలు యజమానికి ఇచ్చింది. పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అంటూనే, 2025 నిబంధనల్లో బోధన, భద్రత అవసరాల మేరకు విద్యాసంస్థలకు మినహాయింపు పెట్టారు. అంటే ముఖం ఇవ్వనని చెప్పడం ఈ చట్టం దగ్గర కష్టం. సంఘాల చేతిలో గట్టిగా మిగిలిన అభ్యర్థన మళ్లీ ఆ చిన్నదే: బడికో పరికరం, దానికో సిమ్ము, అది మొరాయించిన రోజున సంతకాల రిజిస్టరు చెల్లుతుందన్న ఒక రాతపూర్వక ఉత్తర్వు.