కోడిపిల్ల కండ, జీన్లు: మా వైపు వినిపించే అపోహలు, అసలు సంగతులు

మండపేట, అనపర్తి, రావులపాలెం మధ్య కోళ్ల షెడ్లు తిరగడం నా పని. పశువైద్యుణ్ణి. పీజీ చదివేటప్పుడు కోడిపిల్లల రొమ్ము కండలో ఏ జీన్ ఎప్పుడు పనిచేస్తుందో చూడటమే నా థీసిస్. ఈ సంగతి బయటపడ్డప్పటి నుంచి పెళ్లి భోజనాల్లో నా పక్కన కూర్చున్నవాళ్లు కోడికూర వడ్డించగానే ప్రశ్నలు మొదలుపెడుతున్నారు. షెడ్ల దగ్గర రైతులు అడిగేవి ఇంకో రకం. రెండూ కలిపి రాస్తున్నాను.

అపోహ: నెలా పదిరోజుల్లో రెండు కిలోలా? హార్మోన్ ఇంజెక్షన్ వేయకుండా ఎలా వస్తుంది?

వాస్తవం: పదివేల పిల్లలున్న షెడ్లో ఒక్కొక్కదాన్నీ పట్టుకుని సూది వేయడానికి ఎంతమంది కావాలో లెక్క వేయండి. మాకు మేత వేయడానికే మనుషులు దొరకడం లేదు. పోనీ మేతలో కలుపుతారంటారా, గ్రోత్ హార్మోన్ ఒక ప్రొటీన్. కడుపులోకి వెళ్తే పప్పు అరిగినట్టే అరిగిపోతుంది.

మరి సూది మాట ఎక్కడ పుట్టింది? గుడ్లు పొదిగించే హాచరీల్లో లేయర్ (గుడ్ల కోడి) పిల్లలకి మొదటి రోజే మెడ దగ్గర మారెక్స్ అనే వైరస్ జబ్బు రాకుండా టీకా వేస్తారు. అది చూసినవాళ్లు ఊళ్లోకి వచ్చి చెప్పేది ‘కోడికి ఇంజెక్షన్’ అనే ఒక్క ముక్కే. మా బ్రాయిలర్ షెడ్లలో కంట్లో వేసే చుక్క, నీళ్లలో కలిపే గంబోరో జబ్బు టీకా ఎవరికీ గుర్తుండవు.

ఈ పెరుగుదల తరతరాలుగా చేసిన ఎంపిక వల్ల వచ్చింది. కెనడాలో అల్బెర్టా యూనివర్సిటీ వాళ్లు 1957 నాటి కోడి వంశాన్నీ, 1978 నాటి వంశాన్నీ చెడకుండా కాపాడుకుంటూ వచ్చారు. వాటికీ, 2005 నాటి బ్రాయిలర్‌కీ ఒకే మేత పెట్టి పెంచారు. 56 రోజులకి తూస్తే మొదటిది 905 గ్రాములు, రెండోది 1,808 గ్రాములు, మూడోది 4,202 గ్రాములు. తేడా అంతా పుట్టుకలోనే ఉంది.

యాంటీబయాటిక్స్ సంగతేమిటని అడిగితే మాత్రం నేను నవ్వి ఊరుకోను. అది నిజంగా ఉన్న సమస్యే, ఎడాపెడా వాడితే మందుకి లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. మనం తినే జంతువులకి కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకుండా 2019లో మన దేశంలో నిషేధించింది కూడా అందుకే. ఆ టెన్షన్ పడండి, అర్థముంది. హార్మోన్ల గురించి పడకండి.

అపోహ: బ్రాయిలర్‌లో నాటుకోడికి లేని జీన్ ఏదో పెట్టారు.

వాస్తవం: ఏమీ పెట్టలేదు. 2004లో మొదటిసారి చదివిన కోడి జీనోమ్ (మొత్తం జీన్ల పటం) ఎర్ర అడవికోడిది. నాటుకోడిలోనైనా, భీమవరం పుంజులోనైనా, బ్రాయిలర్‌లోనైనా ఉన్నవి ఆ జీన్లే. వాటిలో చాలా చోట్ల చిన్న చిన్న తేడాలుంటాయి. ఏ జీన్ ఎంత గట్టిగా, ఎంతసేపు పనిచేయాలన్నది ఆ తేడాల వల్ల మారుతుంది. ఒకరోజు వయసున్న లేయర్ పుంజుపిల్లనీ బ్రాయిలర్ పిల్లనీ రెండు చేతుల్లో పెట్టుకుంటే బరువులో పెద్ద తేడా తెలియదు. ఆరు వారాలాగితే ఒకటి అరచేతిలో నిలబడుతుంది, ఇంకోదాన్ని రెండు చేతులతో ఎత్తాలి.

అపోహ: పిల్ల కడుపులో గుడ్డు పచ్చసొన మిగిలి ఉంటుంది, రెండ్రోజులు మేత లేకపోయినా ఏమీ కాదు.

వాస్తవం: నా జీతంలో సగం ఈ ఒక్క అపోహతో కొట్లాడినందుకే ఇస్తున్నారనిపిస్తుంది.

ఒక ధనుర్మాసం రాత్రి పిల్లల బండి పదకొండు దాటాక వచ్చింది. బయట మంచు. పెట్టెలు దించాక ఆ రైతు షట్టర్ వేయబోతూ, "ఆయ్, మేత పొద్దున్నే వేసుకుందారండి. సొన ఉంది కదండీ, ఆగుతాయి" అన్నాడు.

"బాబాయ్, ఈ పిల్ల వయసెంత?" అన్నాను.

"ఒక్కరోజండి."

అక్కడే లెక్క తప్పుతుంది. హాచర్‌లో గుడ్లన్నీ ఒకే గంటలో పగలవు. మొదట వచ్చిన పిల్లకీ ఆఖరి పిల్లకీ మధ్య ఒక పూట నుంచి ఒక రోజు దాకా తేడా ఉంటుంది. అందరూ వచ్చేదాకా ముందు వచ్చింది అక్కడే ఆరుతూ కూర్చుంటుంది. తర్వాత లెక్కపెట్టడం, టీకా, పెట్టెలు, బండి, రోడ్డు. ‘ఒక్కరోజు పిల్ల’ షెడ్డుకి వచ్చేసరికి పొట్టలో ఏమీ పడక అప్పటికే ఒకటిన్నర రోజు దాటి ఉండొచ్చు.

ఇప్పుడు కండలోకి వద్దాం. కోడిపిల్ల కండలో పోగులు ఎన్ని ఉండాలన్నది దాదాపుగా గుడ్డులోనే తేలిపోతుంది. బయటికొచ్చాక పోగులు లావెక్కుతాయి, పొడుగవుతాయి తప్ప సంఖ్య పెద్దగా పెరగదు. అయితే లావెక్కాలంటే పోగుకి కొత్త కేంద్రకాలు కావాలి. వాటిని తెచ్చిచ్చేవి పోగుని అంటిపెట్టుకుని ఉండే శాటిలైట్ కణాలు. పాక్స్7 జీన్ వాటిని సిద్ధంగా ఉంచుతుంది. మయోడి అనే జీన్ పనిచేయడం మొదలైతే అవి కండ వైపు మళ్లుతాయి. మయోజెనిన్ అనే ఇంకో జీన్ వంతు వచ్చేసరికి విభజన ఆపి పోగులో కలిసిపోతాయి. ఈ కణాలు ఎక్కువగా విభజన చెందేది మొదటి వారంలోనే, అందులోనూ మొదటి కొద్ది రోజుల్లో. పిల్ల పొట్టలో మేత పడితేనే ఆ పని జోరందుకుంటుంది.

2000లో ఇజ్రాయెల్ పరిశోధకులు పుట్టిన వెంటనే రెండు రోజులు మేత ఆపి చూశారు. శాటిలైట్ కణాల విభజన తగ్గింది. తర్వాత ఎంత తిన్నా, అమ్మకం వయసు వచ్చినా ఆ పిల్లల రొమ్ము కండ వెనకబడే ఉంది.

బాబాయ్‌కి నేను ఇవేవీ చెప్పలేదు. "వరికి పిలకలు వేసే దశలో నీరు, ఎరువు అందకపోతే, పొట్ట దశలో ఎన్ని బస్తాల యూరియా చల్లితే పిలకలొస్తాయి?" అన్నాను. ఆయన ఏమీ అనకుండా ప్రీస్టార్టర్ (పిల్లలకి మొదట పెట్టే మేత) బస్తా విప్పాడు. ఇద్దరం చిక్ గార్డ్ (పిల్లల చుట్టూ కట్టే దడి) లోపల ఊక మీద పేపర్లు పరిచి, మేత చల్లి, డ్రింకర్లు పెట్టేసరికి పన్నెండున్నర అయింది.

‘ఫినిషర్‌లో కవర్ చేద్దాం’ (ఫినిషర్ అంటే అమ్మకం ముందు పెట్టే మేత) అనే మాటకి కూడా జవాబు ఇదే. అప్పటికే ఉన్న పోగుల్ని ఫినిషర్ మేత నింపుతుంది. మొదటి వారంలో పోగొట్టుకున్న కేంద్రకాల్ని తెచ్చివ్వదు.

సొన సంగతి కూడా చెప్పాలి. అది పిల్ల దారి ఖర్చు లాంటిది, అంతే. మేత తిన్న పిల్ల పేగు కదలడం మొదలయ్యాక సొనను కూడా తొందరగా వాడుకుంటుంది. ఆకలితో ఉన్న పిల్లలోనే అది ఎక్కువ రోజులు మిగిలిపోతుంది.

పిల్లలు తిన్నాయో లేదో తెలుసుకోవడానికి నేను చేసే పని ఒకటే. దించిన మర్నాడు నాలుగు మూలల నుంచీ పిల్లల్ని తీసి మెడ కింద తిత్తిని రెండు వేళ్లతో మెల్లిగా నొక్కుతాను. నానిన అటుకుల ముద్దలా తగిలితే మేత, నీళ్లు రెండూ అందాయి. గట్టిగా పలుకులు తగిలితే నీళ్లు చాల్లేదు. నీళ్ల బుడగలా ఉంటే మేత దొరకలేదు. తర్వాత కాళ్లు నా చెంపకి ఆనించి చూస్తాను. చల్లగా తగిలితే బ్రూడర్ (పిల్లలకి వెచ్చదనమిచ్చే హీటర్) చాల్లేదన్నట్టే. చలికి ముడుచుకున్న పిల్ల మేత దాకా నడవదు, మీరు ఎంత మంచి మేత వేసినా సరే. ఏడో రోజు బరువు మొదటి రోజుకి నాలుగు రెట్లు దాటితే నాకు ఆ బ్యాచ్ మీద బెంగ ఉండదు.

అపోహ: కోళ్లకి పెట్టే ఈ పౌడరు మయోస్టాటిన్ జీన్‌ను ఆఫ్ చేస్తుంది. (ఒక అమ్మకాల కుర్రాడు నాతోనే అన్నాడు.)

వాస్తవం: మయోస్టాటిన్ కండకి బ్రేకు లాంటిది, అది నిజమే. 1997లో ఎలుకల్లో ఆ జీన్ తీసేసి చూస్తే కండ విపరీతంగా పెరిగింది. బెల్జియన్ బ్లూ ఎద్దుల దిట్టమైన కండకీ కారణం అదే జీన్‌లోని లోపం. కానీ అవి పుట్టుకతోనే జీన్ చెడిపోయినవి. డబ్బాలో పౌడరు తిని అలా అయినవి కావు. ఆ డబ్బా డబ్బుతో ఇంకో రెండు బ్రూడర్లు కొనుక్కోండి.

అపోహ: ఈక పంపించి జీన్ టెస్ట్ చేయిస్తే పిల్ల ఎంత పెరుగుతుందో తెలిసిపోతుంది.

వాస్తవం: ఈకలో, కాలేయంలో, రొమ్ములో ఉన్న డీఎన్ఏ ఒకటే. ఏ జీన్ పనిచేస్తోందో చెప్పేది ఆర్ఎన్ఏ, అది అవయవాన్ని బట్టి, పూటని బట్టి మారుతుంది. కాబట్టి ఈకని చూసి రొమ్ము కండలో ఏ జీన్ పనిచేస్తోందో చెప్పలేం. దాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో నా ఒంటికి తెలుసు. ఒకరోజు పిల్ల రొమ్ము కండ పల్చటి పొరలా ఉంటుంది. అందులోంచి బియ్యపు గింజంత ముక్క తీసి వెంటనే లిక్విడ్ నైట్రోజన్‌లో వేయాలి. మైనస్ 196 డిగ్రీలు. బుస్సుమని పొగ వస్తుంది. ఒకరోజు పన్నెండు ముక్కలు తీసి, లేబుళ్లు రాయడం మర్చిపోయానని, వాటిని నైట్రోజన్లో వేయకుండా తీరిగ్గా రాసుకుంటూ కూర్చున్నాను. ఆ పన్నెండింట్లో ఆర్ఎన్ఏ చెడిపోయింది. మా గైడు తిట్టలేదు, మళ్లీ గుడ్లు పొదగేయమన్నారు. ఇరవై ఒక్క రోజులు.

అపోహ: పుంజుకి బాదం, జీడిపప్పు, కైమా పెట్టి, రోజూ ఈత కొట్టిస్తే ఆ బలం దాని పిల్లలకి దిగుతుంది.

వాస్తవం: సంక్రాంతి ముందు మా వైపు తప్పని ప్రశ్న. (పందెం చట్టవిరుద్ధం, ఆ సంగతి అందరికీ తెలుసు.) మేత, కసరత్తు పుంజు ఒంట్లో ఉన్న పోగుల్ని గట్టిపరుస్తాయి. ఆ గట్టితనం దాని వీర్యంలోకి ఎక్కదు. పిల్లకి జీన్లు సగం పుంజు నుంచి వస్తే సగం పెట్ట నుంచి వస్తాయి. పైగా పోగులు అల్లుకునే ఆ ఇరవై ఒక్క రోజులూ పిల్ల తినేది పెట్ట గుడ్డులో దాచిందే. కాబట్టి బాదం డబ్బుతో పెట్టకి మంచి మేత పెట్టమని ఒక కుర్రాడికి చెప్పాను.

వాడు కాసేపు ఆలోచించి, "నిజమేనండి. కానీ బరిలో పెట్టని ఎవరు చూస్తారండీ?" అన్నాడు.