కోటో వంతు వాట్‌తో ఒక రేడియో స్టేషన్

కాస్త మందంగా ఉన్న రాగి తీగ, నాలుగు చుట్లు. పక్కన ఒక ట్రాన్సిస్టర్, కొన్ని కెపాసిటర్లు, రెసిస్టర్లు, ఒక బ్యాటరీ. అరచేతిలో పట్టే రాగి పలక మీద వీటిని సోల్డర్ చేస్తే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ తయారవుతుంది. జపాన్ కళాకారుడు, మీడియా సిద్ధాంతకర్త తెత్సువో కొగావా ఎన్నో దేశాల్లో వర్క్‌షాపులు పెట్టి, సోల్డరింగ్ ఎప్పుడూ చేయనివాళ్ల చేత కూడా దీన్ని చేయించారు. తన చేత్తో చేసిన ముక్కలోంచి వెళ్లిన తన గొంతు, గదిలో ఆ మూలనున్న రేడియోలో వినిపిస్తే మనిషి ముఖం వెలిగిపోతుంది. పుట్టినప్పటినుంచీ వినడమే తెలిసిన వస్తువుతో మొదటిసారి మాట్లాడటం కదా అది.

ఈ కథ మొదలైంది ఒక చట్టంలోని చిన్న మినహాయింపు దగ్గర. ట్రాన్స్‌మిటర్ నుంచి 100 మీటర్ల దూరంలో కొలిచినప్పుడు క్షేత్ర తీవ్రత, అంటే ఆ చోట రేడియో తరంగానికి ఉండే బలం, మీటరుకు 15 మైక్రోవోల్టులు దాటకపోతే జపాన్‌లో లైసెన్స్ అక్కర్లేదు. తీగ లేని మైకులు, దూరం నుంచి నడిపే బొమ్మలు లాంటివాటికి పనికొచ్చిన వెసులుబాటు అది. 1980ల మొదట్లో కొగావా, ఆయన విద్యార్థులు దాన్ని రేడియో స్టేషన్ పెట్టాలనుకునేవాళ్ల కళ్లతో చదివారు. ఇటలీలో 1976లో రాజ్యాంగ న్యాయస్థానం స్థానిక ప్రసారాలపై ప్రభుత్వ గుత్తాధిపత్యం చెల్లదని తేల్చాక స్వేచ్ఛా రేడియోలు ఊరూరా పుట్టుకొచ్చాయి. కొగావాకి స్ఫూర్తి అవే. కానీ జపాన్‌లో అలాంటి తీర్పేమీ లేదు. చేతిలో ఉన్నదల్లా ఆ 15 మైక్రోవోల్టులు.

అదెంతో లెక్క వేద్దాం. అన్ని వైపులకీ సమానంగా ప్రసరిస్తుందనుకుంటే, ఆ హద్దు సుమారు 0.075 మైక్రోవాట్లకి సమానం. ఒక వాట్‌ని కోటి ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క కూడా కాదు. టీవీ అంచున వెలిగే చిన్న ఎర్ర దీపం వాడుకునే విద్యుత్తు దీనికి ఇంచుమించు లక్ష రెట్లు.

మరి ఇంత తక్కువ శక్తితో మాట ఎక్కడిదాకా పోతుంది? అడ్డంకులు లేనిచోట క్షేత్ర తీవ్రత దూరంతో పాటు నిష్పత్తిలో తగ్గుతుంది. దూరం ఐదింతలైతే తీవ్రత ఐదో వంతు. అంటే 500 మీటర్ల దగ్గర మీటరుకు 3 మైక్రోవోల్టులు మిగులుతాయి. మంచి ఎఫ్ఎం ట్యూనర్‌కి, సరైన ఏంటెన్నా ఉంటే, ఆ మాత్రం చాలు. చట్టంలోని హద్దుని తర్వాత మరోలా రాశారు: 3 మీటర్ల దూరంలో 500 మైక్రోవోల్టులు. 500ని 3తో, 15ని 100తో గుణించి చూడండి. రెండూ 1500. కొలిచే చోటు మారింది, హద్దు మారలేదు.

సుమారు అరకిలోమీటరు. రేడియో అంటే ఖండాలు దాటేదని నమ్మినవాళ్లకి ఇది లోపంగా కనిపిస్తుంది. నాకు మాత్రం అసలు విషయమంతా ఈ అరకిలోమీటరులోనే ఉందనిపిస్తుంది.

ఎందుకంటే, ప్రసార హక్కు అందరికీ ఇవ్వలేకపోవడానికి ఎప్పుడూ చెప్పే కారణం తరంగాల కొరత. ఉన్న ఫ్రీక్వెన్సీలు కొన్నే, అడిగేవాళ్లు ఎందరో అంటారు. నిజమే, కానీ ఆ కొరత ఎంతన్నది శక్తిని బట్టి ఉంటుంది. 50 కిలోమీటర్ల దాకా వినిపించే స్టేషన్ ఒక్కటి పెడితే ఆ మేరంతా ఆ ఫ్రీక్వెన్సీ ఒక్క గొంతుకే అంకితం. అదే అరకిలోమీటరు స్టేషన్ ఆక్రమించే నేల అందులో పదివేలో వంతు. ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ధారాళంగా ఖాళీ వదిలినా, అదే ఫ్రీక్వెన్సీ మీద వందల గొంతులు పడతాయి. పైగా ఎఫ్ఎం రిసీవర్‌కి ఒక మంచి గుణం ఉంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు స్టేషన్లు వస్తే బలమైనదాన్ని పట్టుకుని రెండోదాన్ని అణిచేస్తుంది. కాబట్టి దగ్గరున్నవాడి మాటే గెలుస్తుంది. మొబైల్ ఫోన్లు కోట్లమందికి సరిపోతున్నది కూడా ఇలా ఫ్రీక్వెన్సీలని చిన్న చిన్న ముక్కల్లో మళ్లీ మళ్లీ వాడుకోవడం వల్లే.

అమెరికాలో ఈ వాదన కొలతలదాకా వెళ్లింది. 2000లో అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ లాభాపేక్ష లేని సంఘాలకి 100 వాట్ల ఎఫ్ఎం లైసెన్సులు ఇవ్వాలని నిర్ణయించింది. తమ ప్రసారాలకి అడ్డు తగులుతాయని పెద్ద స్టేషన్లు ఆందోళన చేశాయి. ఆ ఏడాది చివర్లోనే కాంగ్రెస్ ఆ అవకాశాన్ని బాగా కుదించి, పరీక్ష జరిపించమంది. 2003లో వచ్చిన సాంకేతిక నివేదిక ఆ భయానికి చెప్పుకోదగ్గ ఆధారం లేదని తేల్చింది. అయినా చట్టం సవరించడానికి 2011 జనవరి దాకా పట్టింది. కొలతకి జవాబు దొరికాక కూడా ఇన్నేళ్లు ఆపడం అన్యాయం. ఆ ఏళ్లలో మాట్లాడాల్సినవాళ్లకి ఆ కాలం తిరిగి రాదు.

మళ్లీ జపాన్‌కి వద్దాం. 1983లో టోక్యోలోని షిమోకితజావా ప్రాంతంలో రేడియో హోమ్ రన్ అనే ఇలాంటి చిన్న స్టేషన్ మొదలైంది. వినిపించే మేర అరకిలోమీటరే కాబట్టి, విన్నవాళ్లు నడిచి వచ్చేయొచ్చు. వచ్చేవారు కూడా. వచ్చినవాళ్లు మైకు ముందు కూర్చునేవారు. శ్రోత ఎవరు, వక్త ఎవరు అన్న గీత అక్కడ చెరిగిపోయింది. కొందరు వింటారని కాదు, కొందరు కలుస్తారని స్టేషన్ నడిచింది. ఇంకాస్త దూరం కావాలంటే శక్తి పెంచనక్కర్లేదు. అంచున ఉన్నవాడు ఒక రిసీవర్‌తో పట్టి, వేరే ఫ్రీక్వెన్సీ మీద తన ట్రాన్స్‌మిటర్‌తో మళ్లీ వదిలితే చాలు. చేతికి చెయ్యి అందించినట్టు మాట ముందుకి సాగుతుంది.

కొగావా దీన్ని కళగా చేసింది కూడా ఈ కొద్దిపాటి శక్తిలోంచే. ఆ నాలుగు చుట్ల కాయిల్‌ని వేళ్లతో దగ్గరకి నొక్కితే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది, సాగదీస్తే పెరుగుతుంది. ముట్టుకోకుండా చెయ్యి దగ్గరకి తెచ్చినా చాలు, మన శరీరమే ఒక కెపాసిటర్‌లా సర్క్యూట్‌లో చేరి ఫ్రీక్వెన్సీని జరుపుతుంది. ఎదురుగా ఉన్న రేడియోలో నిశ్శబ్దం చెదిరి బుసలు, ఈలలు, గురగురలు లేస్తాయి. చెయ్యి వెనక్కి తీస్తే మళ్లీ సర్దుకుంటాయి. ఆయన ప్రదర్శనల్లో పాట లేదు, కబురు లేదు. చేతులకీ తరంగాలకీ మధ్య జరిగే ఆ కదలికే ప్రసారం. పెద్ద స్టేషన్ టవర్ దగ్గర ఇది జరగదు. అక్కడ ఫ్రీక్వెన్సీ వెంట్రుకవాసి కదలకుండా కాపు కాయడమే ఇంజనీర్ల పని.

1995 జనవరి 17న జపాన్‌లోని కోబే నగరంలో భూకంపం వచ్చింది. బాగా దెబ్బతిన్న నగతా వార్డులో కొరియన్లు, వియత్నామీయులు చాలామంది ఉండేవారు. వాళ్ల కోసం లైసెన్స్ లేని చిన్న రేడియోలు రెండు మొదలయ్యాయి, మొదట కొరియన్ భాషలో, తర్వాత వియత్నామీ భాషలో. కొరియన్లకి ఒక పాత గాయం గుర్తుంది. 1923లో టోక్యో ఉన్న కాంటో ప్రాంతంలో వచ్చిన భూకంపం తర్వాత, వాళ్లు బావుల్లో విషం కలిపారన్న పుకారు పుట్టి వేలమంది హత్యకి గురయ్యారు. అందుకే తెలిసిన గొంతు, తెలిసిన భాషలో, నమ్మదగిన కబురు వెంటనే చెప్పడం వాళ్లకి ప్రాణంతో సమానం. ఆ రెండూ అదే ఏడాది కలిసి ఎఫ్ఎం వైవై అయ్యాయి. 1996 జనవరి 17న, భూకంపం వచ్చి సరిగ్గా ఏడాది నిండిన రోజున, దానికి లైసెన్స్ వచ్చింది.