1582లో పది, 1752లో పదకొండు: పోయిన రోజులపై అపోహలు - వాస్తవాలు

పాత రికార్డుల తేదీలతో పనిచేసేవాళ్లను ముప్పుతిప్పలు పెట్టే సంవత్సరాలు రెండు: 1582, 1752. మొదటిసారి పోపు క్యాలెండర్ మార్చాడు, 170 ఏళ్లు ఆలస్యంగా బ్రిటన్ అదే పని చేసింది అని చాలా పుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. కానీ 1752లో అమలైన చట్టం మార్చినవి రెండు: రోజుల లెక్క, సంవత్సరాది. తికమకంతా ఆ రెండోదాంతోనే.

అపోహ: 1582 అక్టోబరులో యూరప్ అంతా ఒకేసారి మారింది.

వాస్తవం: అక్టోబరు 4 గురువారం, మర్నాడు అక్టోబరు 15 శుక్రవారం. ఇది స్పెయిన్, పోర్చుగల్, పోలండ్, ఇటలీలోని చాలా రాజ్యాల సంగతి. ఫ్రాన్స్‌లో డిసెంబరు 9 తర్వాత 20 వచ్చింది. జర్మనీలోని ప్రొటెస్టెంట్ రాజ్యాల్లో చాలావరకు 1700 దాకా కదల్లేదు. స్వీడన్ది మరీ చోద్యం: 1700లో లీపు రోజు ఎగ్గొట్టి, తర్వాత మనసు మార్చుకుని, 1712లో ఫిబ్రవరి 30 అనే తేదీ వేసి పాత లెక్కకు వెళ్లి, చివరికి 1753లో కొత్త లెక్కకు వచ్చింది. ఎక్కడా వారం మాత్రం తెగలేదు. ఇది గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

అపోహ: జూలియస్ సీజర్ తెచ్చిన పాత లెక్కలో పేరుకున్న తేడా మొత్తాన్ని పోపు తీసేశాడు.

వాస్తవం: అలాగైతే మరో రెండు మూడు రోజులు పోవాలి. ఆ పోపు పదమూడో గ్రెగరీకి కావలసింది ఈస్టర్ లెక్క. దానికి ఆధారం 325లో నైసియా క్రైస్తవ మతసభ నాటి విషువత్తు (పగలు, రాత్రి సమానమయ్యే రోజు), మార్చి 21. అసలు కన్నా కాస్త ఎక్కువగా ఏడాదికి 365.25 రోజులు వేసుకోవడం వల్ల అది 1582 నాటికి మార్చి 11కి జారింది. అందుకే పది. ఇకపై జారకుండా 400 ఏళ్లకు 100 లీపు సంవత్సరాల బదులు 97 చేశారు. 1600 రెండు లెక్కల్లోనూ లీపే. 1700 పాత లెక్కలో లీపు, కొత్తదాంట్లో కాదు. బ్రిటన్‌కు పదకొండో రోజు అక్కడే తగిలింది.

అపోహ: "మా పదకొండు రోజులు మాకివ్వండి" అంటూ 1752లో ఇంగ్లండ్ జనం అల్లర్లు చేశారు.

వాస్తవం: అల్లర్లకు నాటి ఆధారాలు లేవు. ఆ నినాదం విలియం హోగార్త్ 1755లో గీసిన ఎన్నికల విందు బొమ్మలో నేల మీద పడి ఉన్న అట్టపై కనిపిస్తుంది. అది వెక్కిరింత బొమ్మ. అద్దెలు, అప్పుల గడువులు ముందుకు రాకుండా చట్టమే జాగ్రత్తపడింది: మార్చి 25న కట్టాల్సింది ఏప్రిల్ 5న కట్టొచ్చు. బ్రిటన్ పన్నుల సంవత్సరం నేటికీ ఏప్రిల్ 6న మొదలవడానికి మూలం ఇదే.

అపోహ: పాత ఇంగ్లిషు తేదీకి 10 గానీ 11 గానీ కలిపేస్తే పనైపోయినట్టే.

వాస్తవం: ఎక్కువ తప్పులు ఇక్కడే. ఇంగ్లండ్‌లో చట్టరీత్యా సంవత్సరాది మార్చి 25, మన ఉగాది రోజుల్లోనే. చట్టం దాన్ని జనవరి 1కి మార్చడంతో 1751 మార్చి 25న మొదలై డిసెంబరు 31తోనే ముగిసింది, మొత్తం 282 రోజులు. మరుసటి ఏడు సెప్టెంబరు 2 బుధవారం తర్వాత 14 గురువారం. స్కాట్లండ్ మాత్రం 1600 నుంచే జనవరి 1కి మారింది.

కాబట్టి ముందు ఊరు చూడాలి, తర్వాత సంవత్సరం సరిచేయాలి, ఆ తర్వాతే రోజులు కలపాలి. ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌కు శిరచ్ఛేదం జరిగిన తేదీని నాటి ఇంగ్లిషు కాగితాలు 1648 జనవరి 30, మంగళవారం అంటాయి. జనవరి కాబట్టి సంవత్సరం 1649. 1700కి ముందు కాబట్టి 10 కలపాలి: 1649 ఫిబ్రవరి 9. వారం చూడండి, మంగళవారమే. సంవత్సరం సరిచేయకపోతే ఆ జనవరి 30 ఆదివారం అవుతుంది, తప్పు వెంటనే దొరికిపోతుంది. పాత లెక్కలో 1700 మార్చి 1 నుంచి 11 కలపాలి. కంప్యూటర్‌ను గుడ్డిగా నమ్మకండి. కొన్ని ప్రోగ్రాములు 1582కి ముందు రోజులకూ గ్రెగరీ లెక్కే వేస్తాయి.

అపోహ: ఇది యూరప్ గొడవ, మన దగ్గరి రికార్డులకు అక్కర్లేదు.

వాస్తవం: మచిలీపట్నంలో డచ్చివాళ్లది కొత్త లెక్క, ఇంగ్లిషువాళ్లది పాతది. ఒకే ఊరు, ఒకే రోజు, రెండు తేదీలు. 1746లో ఫ్రెంచివాళ్లకు మద్రాసు లొంగిన రోజు వాళ్ల లెక్కలో సెప్టెంబరు 21, ఇంగ్లిషువాళ్లకు 10. ఇవి రెండు ఘటనలు కావు. 1752లో అమలైన చట్టం ఆసియాలోని బ్రిటిష్ స్థావరాలకూ వర్తించింది కాబట్టి ఆ తర్వాత ఈ తేడా లేదు. 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధానికి ఏమీ కలపకండి.